రీఫ్ ట్యాంక్‌లో ఐప్టేసియా, పాచి, పురుగులు: ముందు గుర్తుపట్టండి, తర్వాతే మందు

చెన్నైలో రీఫ్ ట్యాంక్, అంటే పగడాలు పెంచే ఉప్పునీళ్ల అక్వేరియం, పెట్టేవాళ్లకి కొళత్తూరు అక్వేరియం బజారు తెలియకుండా ఉండదు. అక్కడ కొన్న లైవ్ రాక్ (జీవులు అంటుకుని ఉన్న సముద్రపు రాయి) అయినా, చిన్న సాఫ్ట్ కోరల్ (మెత్తటి పగడం) ముక్క అయినా ఒంటరిగా ఇంటికి రాదు. సందుల్లో పురుగులు, గుడ్లు, నాచు తునకలు, ఒక్కోసారి పీత పిల్ల కూడా వస్తాయి. కొన్ని వారాలకి ఏదో ఒకటి బయటపడుతుంది. వెంటనే మనకి టెన్షన్, "దీనికి మందేంటి?" అని. ఆ తొందర మంచిది కాదు. జుట్టు నాచు తగ్గాలని నైట్రేట్, ఫాస్ఫేట్‌లను సున్నాకి దించితే, దానికంటే మొండివైన డైనోఫ్లాజెల్లేట్లకి (పాచిలా పరుచుకునే సూక్ష్మజీవులు, వాడుకలో డైనోలు) దారి తెరిచినట్టే. కాబట్టి అదేమిటో తేలేదాకా సీసా మూత తీయకండి.

1. రాత్రి టార్చ్‌తో చూడండి

లైట్లు ఆరిన గంట, రెండు గంటల తర్వాత టార్చ్ మీద ఎర్ర కాగితం చుట్టి చూడండి. ఎర్ర వెలుతురుకి చాలా జీవులు బెదరవు. అద్దం మీద తెల్ల చుక్కల్లా పరుగెత్తే కోపీపాడ్లు, రొయ్య పిల్లల్లా ఉండే యాంఫీపాడ్లు కనిపిస్తే సంతోషించండి, అవి చేపలకు మేత. ఒళ్లంతా ముళ్లున్న బ్రిసిల్ వార్మ్‌ని చూసి చాలామంది హడలిపోతారు. నిజానికి అది మిగిలిన మేతని, చచ్చినవాటిని తిని శుభ్రం చేస్తుంది. చేత్తో మాత్రం ముట్టుకోవద్దు, ముళ్లు గుచ్చుకుంటాయి. అవి మరీ ఎక్కువయ్యాయంటే మీరు మేత ఎక్కువ వేస్తున్నారని అర్థం.

ఒంటి నిండా వెంట్రుకలు, నల్లటి గోళ్ల కొసలు ఉన్న పీతని మాత్రం పట్టి తీసేయడమే నయం. రాతిలోంచి టక్ టక్ మని చప్పుడు వస్తే అది మాంటిస్ రొయ్య కావచ్చు, ఏ హానీ చేయని పిస్టల్ రొయ్య కూడా కావచ్చు. కంటితో చూసే దాకా తీర్పు చెప్పకండి.

2. గోధుమ రంగు పాచి ఏ రకమో తేల్చుకోండి

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. కొత్త ట్యాంక్‌లో ఇసుక మీద పొడి చల్లినట్టు ఉండి, వేలితో తుడిస్తే పోయేది డయాటమ్. నీళ్లలోని సిలికేట్ అయిపోగానే అదే తగ్గుతుంది.

ముదురు ఎరుపు దుప్పటిలా పరుచుకుని, పిపెట్‌తో నీళ్లు కొడితే పొరలు పొరలుగా లేచేది సయానోబాక్టీరియా. సైఫన్‌తో లాగేయండి, నీటి ప్రవాహం తగలని మూలకి పవర్‌హెడ్ (నీళ్లు తోసే చిన్న పంపు) తిప్పండి, మేత తగ్గించండి. దీనికి యాంటీబయాటిక్ వాడేవాళ్లున్నారు. నాకది నచ్చదు. అది మంచి బాక్టీరియాని కూడా దెబ్బతీయగలదు, పైగా కారణం అలాగే ఉంటే పాచి మళ్లీ వస్తుంది.

చీమిడిలా సాగుతూ, కొసన గాలి బుడగలు పట్టుకుని, రాత్రికి తగ్గి పగలు మళ్లీ తేలేవి డైనోలు. నత్తలు కారణం లేకుండా చచ్చిపోతుంటే అనుమానం ఇంకా గట్టిపడుతుంది. ఇంట్లోనే పరీక్షించవచ్చు. కొంచెం పాచిని ట్యాంక్ నీళ్లతో సీసాలోకి తీసి బాగా కుదపండి, టిష్యూ పేపర్‌లో వడకట్టండి, ఆ నీళ్లని లైటు కింద గంటసేపు కదపకుండా ఉంచండి. మళ్లీ పోగులుగా కూడుకుంటే చాలావరకు డైనోలే. చవక మైక్రోస్కోప్ ఉంటే రకం కూడా తెలుస్తుంది. ఆస్ట్రియాప్సిస్ అనే రకం రాత్రి నీళ్లలోకి తేలుతుంది కాబట్టి యూవీ (నీళ్లలోని సూక్ష్మజీవుల్ని చంపే అతినీలలోహిత దీపం) పనిచేస్తుంది. యాంఫిడినియం అనే రకం ఇసుకని వదలదు, దానికి యూవీ దండగ.

డైనోలకి చికిత్స మిగతావాటికి ఎదురు దిశలో ఉంటుంది. నైట్రేట్‌ని 5 నుంచి 10 పీపీఎంకి, ఫాస్ఫేట్‌ని 0.05 నుంచి 0.1కి తేవాలి. నీళ్లు మార్చడం కొన్నాళ్లు ఆపాలి. పోటీకి వేరే సూక్ష్మజీవులు పెరిగితే ఇవి వెనక్కి తగ్గుతాయి.

3. ఐప్టేసియాని గీకకండి

పొడవాటి సన్నని తీగలతో, గోధుమ రంగులో, ముట్టుకోగానే రంధ్రంలోకి ముడుచుకుపోయే చిన్న ఎనిమోన్ (పువ్వులా కనిపించే సముద్ర జీవి) ఇది. కుట్టి పక్క కోరల్స్‌ని కాలుస్తుంది. బ్లేడుతో గీకితే, అడుగున మిగిలిన చిన్న ముక్క కూడా కొత్త ఐప్టేసియా అవుతుంది.

తక్కువగా ఉంటే సున్నం చాలు. రీఫ్ షాపుల్లో కాల్క్‌వాసర్ పేరుతో అమ్మేది కాల్షియం హైడ్రాక్సైడే, అంటే మన సున్నమే. అలాగని తాంబూలం డబ్బాలోది వాడకండి, అందులో ఇంకేం కలిసిందో తెలియదు. ఆర్‌ఓ నీళ్లలో దోసె పిండిలా చిక్కగా కలిపి, మెడికల్ షాపులో దొరికే 1 ఎంఎల్ సిరంజిలోకి తీసుకోండి. పంపులన్నీ ఆపండి. తీగలకి తగలకుండా మెల్లగా దగ్గరికి చేర్చి, నోటి మీద వదిలి పూర్తిగా కప్పేయండి. పావుగంట ఆగి పంపులు వేయండి. పీహెచ్ ఒక్కసారిగా పెరగకుండా రోజుకి మూడు నాలుగింటితో ఆపేయండి. చేతికి గ్లవ్స్, కళ్లకి అద్దాలు తప్పనిసరి.

పదుల్లో ఉంటే ఐప్టేసియాని తినే పెప్పర్‌మింట్ రొయ్యలు నయం. కొనేటప్పుడు వీపు మీద గూనితో, తెల్ల చారలు ప్రస్ఫుటంగా ఉంటే అది క్యామెల్ రొయ్య, కోరల్స్‌నే తింటుంది. ఐప్టేసియాని తినే కాపర్‌బ్యాండ్ బటర్‌ఫ్లై చేప చూడ్డానికి బాగుంటుంది కానీ మేత ముట్టక చచ్చిపోయేవి చాలా ఉన్నాయి, చిన్న ట్యాంక్‌కి వద్దు.

ఇంకొక మాట. జోయాంథిడ్లు (గుండీల్లా గుంపుగా పెరిగే మెత్తటి జీవులు) ఉన్న రాయిని శుభ్రం చేయాలని ఎప్పుడూ ఉడకబెట్టకండి. వాటిలో పాలీటాక్సిన్ అనే విషం ఉండొచ్చు, ఆ ఆవిరి పీల్చి ఇంటిల్లిపాదీ ఆస్పత్రి పాలైన ఘటనలున్నాయి.

4. మిగతావి

బుడగ నాచుని పగలగొట్టకుండా మొదలంటా తీయండి. గొట్టంలోంచి సాలెగూడు విసిరే వర్మెటిడ్ నత్త మూతికి సూపర్ గ్లూ జెల్ రాయండి. ఎర్రటి ఫ్లాట్‌వార్మ్‌లని ముందు సైఫన్‌తో వీలైనన్ని లాగి, తర్వాతే మందు వేయండి. చచ్చేటప్పుడు అవి విషం వదులుతాయి, దాన్ని పీల్చే కొత్త కార్బన్ పక్కన సిద్ధంగా పెట్టుకోండి.

5. చెన్నై నీళ్లు, చెన్నై ఎండ

మెట్రో వాటర్ కొళాయి నీళ్లు, బోరు, ట్యాంకర్ ఏవైనా నేరుగా వద్దు. వంటింటి ఆర్‌ఓలో చాలావాటికి రుచి కోసం మామూలు నీళ్లు కొంచెం కలిపే ఏర్పాటు ఉంటుంది, అవీ పనికిరావు. డీఐ రెజిన్ (ఆర్‌ఓ తర్వాత మిగిలిన లవణాలని తీసేసేది) ఉన్న యూనిట్ పెట్టి, మీటర్‌లో టీడీఎస్ సున్నా చూడండి. మే నెలలో సంప్ (ట్యాంక్ కింద ఉండే ఫిల్టర్ తొట్టి) మీద ఫ్యాన్ పెట్టినా ఇక్కడి ఉక్కపోతకి అంతగా చల్లబడదు. 26 డిగ్రీల దగ్గర నిలవాలంటే చిల్లర్ (నీళ్లు చల్లబరిచే యంత్రం) కావాలి.

6. కొత్తది తెచ్చినప్పుడు

కొత్త కోరల్‌ని అయోడిన్ డిప్‌లో (పురుగులు పోవడానికి ముంచే మందు నీళ్లు), సీసా మీద రాసినంతసేపు ముంచి ఆ నీళ్లు పారబోయండి. డిప్ గుడ్లని చంపదు. అందుకే వేరే చిన్న ట్యాంక్‌లో నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచి, వారానికోసారి మళ్లీ ముంచాలి. రామేశ్వరం, తూత్తుకుడి వైపు నుంచి ఎవరైనా "సముద్రం రాయి" తెచ్చిస్తామంటే వద్దనండి. పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లో షెడ్యూల్ 1 కింద ఉన్నాయి.

ట్యాంక్‌లోంచి తీసినవి బీచ్‌లో గానీ, కాలువలో గానీ పారేయకండి. మన్నార్ సింధుశాఖలో సాగు కోసం తెచ్చిన కప్పాఫైకస్ నాచు కురుసడై దీవి పగడాల మీద అల్లుకుపోయింది. తీసిన నాచుని ఎండబెట్టి చెత్తబుట్టలో వేయండి. డిప్ నీళ్లలో బ్లీచింగ్ కలిపి, ఒక రోజు ఆగి, బాత్రూమ్ డ్రెయిన్‌లో పోయండి.