గోల్కొండ ఎక్కుతున్నారా? వెనక్కి మాత్రం అడుగు వేయకండి

పోయిన ఆదివారం కోటలో కొండమీది భాగమైన బాలాహిస్సార్ పైన నా కళ్ల ముందే ఒకాయన పడ్డాడు. భార్యాపిల్లలను శిఖరాన ఉన్న మండపం, బారాదరి ముందు నిలబెట్టి, ఫోను పైకెత్తి, ‘దగ్గరగా జరగండి’ అంటూ తాను వెనక్కి నడిచాడు. నాలుగో అడుగుకు రాతి గట్టు అయిపోయింది. కింద ఆరడుగుల లోతే, అదీ మట్టి కాబట్టి మణికట్టుతో పోయింది. లేపేసరికి కూడా ఫోను చేతిలోనే ఉంది, వదలలేదు. అదే కోటగోడ అంచున జరిగి ఉంటే ఆ కుటుంబం గతి ఏమిటో ఆలోచించడానికి కూడా మనసు రావడం లేదు.

నీళ్లు, టోపీ సంగతి మీకు తెలుసు. ఏళ్ల తరబడి చుట్టాలను, స్నేహితులను గోల్కొండకు తీసుకెళ్తున్నాను. నేను చూసిన దెబ్బల్లో ఎక్కువ భాగం ఎక్కుతూ తగిలినవి కావు, నిలబడి చూస్తూ వెనక్కి జరిగినప్పుడు తగిలినవే.

ఫోటో ఒక్కటే కాదు కారణం. దర్వాజా మీది సింహాలను చూడమని గైడు వేలు చూపిస్తాడు. పది తలలు పైకి లేస్తాయి, బాగా కనబడాలని పది జతల కాళ్లు వెనక్కి జరుగుతాయి. కింద నేల చదును కనుక ఏమీ కాదు. ఆ అలవాటే కొండపైకీ వస్తుంది. 1687లో ఔరంగజేబు సైన్యాన్ని ఎనిమిది నెలలు బయటే నిలబెట్టిన కోట ఇది. ఆ గోడలు బయటివాళ్లను ఆపడానికి కట్టినవి, లోపలివాళ్లు పడిపోతారని ఎవరూ కట్టలేదు.

చప్పట్ల ముచ్చట ఇంకొకటి. కింద దర్వాజా గుమ్మటం దగ్గర చప్పట్లు కొడితే సుమారు కిలోమీటరు దూరాన కొండపైన వినిపిస్తుంది. విన్నవాళ్లు సంబరంగా అంచుకు వెళ్లి కిందివాళ్లకు చెయ్యి ఊపుతారు. వెళ్లేటప్పుడు చూసుకునే వెళ్తారు. వచ్చేటప్పుడు చెయ్యి ఊపుతూ వెనక్కి వస్తారు, వెనక మెట్లున్నాయన్నది మరచిపోయి. ఆగండి, తిరగండి, నేల చూడండి, అప్పుడు కదలండి. ఫోటోలో కోటంతా పట్టకపోతే పోనివ్వండి.

ఇక వానలు. 350కి పైగా మెట్లు, ఒకదాని ఎత్తు ఒకదానికి ఉండదు. తరాల పాదాలకు అరిగి నున్నబడిన రాయి మీద చినుకు పడితే సబ్బు రాసినట్టే. ఆషాఢంలో గురువారాలు, ఆదివారాలు జగదాంబ అమ్మవారి బోనాలు. ఆ రోజులు అమ్మవారికి వదిలేసి, కోట చూడడానికి మరో రోజు రండి.

గైడుతో డబ్బు, సమయం గేటు దగ్గరే తేల్చుకోండి. ఎవరికైనా మోకాళ్ల నొప్పులుంటే అప్పుడే చెప్పండి. సగం ఎక్కాక చెబితే ఆయన చేయగలిగింది ఏమీ ఉండదు. పెద్దవాళ్లను కింద తోట, నగీనా బాగ్ దగ్గరే కూర్చోబెట్టండి, అందులో చిన్నతనం లేదు. రామదాసు బందిఖానాలోకి ఎండలోంచి నేరుగా దూరకండి. గుమ్మంలో పది అంకెలు లెక్కపెట్టి, కళ్లు చీకటికి అలవాటు పడ్డాక లోపలికి వెళ్లండి. అరిగిన చెప్పులు వద్దు. తేనెపట్టు కనబడితే దాని కింద చప్పట్లు వద్దు, కేకలు వద్దు. పిల్లలను గోడ మీద కూర్చోబెట్టకండి. ఒక్క ఫోటోకు కూడా కూర్చోబెట్టకండి. గైడును దాటి ముందుకు పోకండి. తాళం వేసిన చోటికి, తాడు కట్టిన చోటికి వెళ్లకండి. దిగేటప్పుడు ఫోను జేబులో ఉండాలి. చూడాలంటే ఆగి చూడండి, చూస్తూ దిగకండి. చీకటి పడకముందే కిందికి వచ్చేయండి. వెనక్కి అడుగు వేయకండి. ఫోటో తీస్తున్నవారు ఎవరైనా సరే, మీ బావగారే అయినా సరే, ‘ఇంకొంచెం వెనక్కి’ అంటే కుదరదనండి.