స్టీలు రఫింగ్‌కు ముందు జాగ్రత్తలు

బొబ్బిలి గ్రోత్ సెంటర్‌లోనైనా, విజయనగరంలోని చిన్న షెడ్డులోనైనా, సీఎన్‌సీ (కంప్యూటర్ ప్రోగ్రాంతో నడిచే కోత యంత్రం) మీద మైల్డ్ స్టీలు రఫింగ్‌కు, అంటే ఎక్కువ లోహాన్ని తీసేసే మొదటి కోతకు, సైకిల్ స్టార్ట్ (ప్రోగ్రాం మొదలుపెట్టే బటన్) నొక్కే ముందు ఇవి చూసుకోండి.

• వైస్ దవడలు తుడిచి జాబ్ (కోయాల్సిన ముక్క) బిగించండి. రబ్బరు సుత్తితో తట్టి, కింది పారలల్స్ (జాబ్ కింద పెట్టే సమాన ఎత్తు పట్టీలు) వేలికి కదులుతున్నాయేమో చూడండి. కదిలితే మళ్లీ బిగించాల్సిందే.

• టూలు హోల్డర్ నుంచి అవసరమైనంతే బయటికి ఉండాలి.

• 10 మి.మీ. కార్బైడ్ ఎండ్‌మిల్‌కు (తిరుగుతూ కోసే టూలు) కటింగ్ స్పీడ్ నిమిషానికి 120 మీటర్లు అనుకుంటే స్పిండిల్ (టూలును తిప్పే భాగం) సుమారు 3,800 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు). నాలుగు పళ్లు, పంటికి 0.05 మి.మీ. అయితే ఫీడు (టూలు ముందుకు సాగే వేగం) నిమిషానికి 760 మి.మీ. యంత్రం తేలికపాటిదైతే కోత లోతు, వెడల్పు తగ్గించండి. భయపడి ఫీడు బాగా తగ్గిస్తే పన్ను కోయడం మాని రుద్దుతుంది, వేడెక్కి మొద్దుబారుతుంది. కొత్తవాళ్లు ఇలా టూళ్లు పోగొట్టుకుంటుంటారు.

• టూలును నిలువుగా గుచ్చకుండా 2, 3 డిగ్రీల వాలుతో దించండి.

• ఫినిషింగ్‌కు 0.3 మి.మీ. వదలండి.

• జెడ్ ఆఫ్‌సెట్ (టూలు ఎత్తుకు యంత్రంలో పెట్టే సున్నా స్థానం) 50 మి.మీ. పైకి పెట్టి ఒకసారి గాలిలో నడపండి. తర్వాత ఆఫ్‌సెట్ వెనక్కి మార్చడం మరవకండి. తప్పు ఆఫ్‌సెట్ వల్ల స్పిండిల్‌కు పెద్ద దెబ్బ తగలొచ్చు. ఈ పని దయచేసి దాటవేయకండి.

• మధ్యలో కరెంటు పోయి వస్తే, ముందు జెడ్‌ను మెల్లగా పైకి జరిపి టూలు విడిపించాకే మిగతా పని.