హెచ్‌ఓ నుంచి ఎన్ స్కేలుకు మారిన మా కాజీపేట జంక్షన్ (నా అనుభవం)

హనుమకొండలో ఇల్లు మారాక మా మోడల్ రైలు బల్లకు గది సరిపోలేదు. అది కాజీపేట జంక్షన్ నమూనా. సికింద్రాబాద్, విజయవాడ, బల్లార్షా వైపు లైన్లు మూడూ ఉండాల్సిందే, ఒక్కటి తీసేసినా అది కాజీపేట అనిపించుకోదు. అందుకే స్కేలే తగ్గించాను.

హెచ్‌ఓ స్కేలు అంటే 1:87 (అసలు రైలులో 87వ వంతు సైజు), పట్టాల మధ్య దూరం 16.5 మి.మీ. ఎన్ అంటే 1:160, దూరం 9 మి.మీ. పాత ప్లాన్‌ను 54 శాతానికి తగ్గించి జిరాక్స్ తీయించి, ప్లైవుడ్ మీద పరిచాను. వంపులను మాత్రం అంతగా కుదించలేదు. 18 అంగుళాల వ్యాసార్థం అలా చేస్తే 10 కంటే తక్కువకు వస్తుంది, పొడవాటి బోగీలకు అది ఇబ్బంది. చోటు ఉన్నంతవరకు 15 ఉంచాను.

అసలు టెన్షన్ పెట్టింది పాయింట్ల (రైలు ఒక లైను నుంచి ఇంకో లైనుకు మారే చోట్ల) మీద ఆగిపోతున్న ఇంజన్. చక్రాలు చిన్నవి, బరువు తక్కువ, పట్టా మీద కాస్త మురికి ఉన్నా కరెంటు అందదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను గుడ్డకు అద్ది పట్టాలు తుడిచాను. పాయింట్లకు అటూ ఇటూ అదనంగా వైర్లు సోల్డర్ చేశాను. ఇప్పుడు నెమ్మదిగా నడిపినా ఆగడం లేదు.

పాత కంకర కొత్త పట్టాల పక్కన బండరాళ్లలా కనిపించింది. గ్రానైట్ కోసే చోటు నుంచి పొడి తెచ్చి, టీ వడపోసే జాలీలో జల్లించి, పైన అయస్కాంతం తిప్పాను. నల్లటి రేణువులు దానికి అంటుకుని వచ్చాయి. అవి మోటారులోకి చేరితే ఇంజన్ పాడవుతుంది, కాబట్టి గ్రానైట్ పొడి వాడేవాళ్లు ఈ పని తప్పకుండా చేయండి.