పెళ్లిచూపుల ఫోటో ఇంట్లోనే తీయడం ఎలా? ముందు లైటు, తర్వాతే మేకప్

మా చెల్లి పెళ్లిచూపుల ఫోటో కోసం ఓ స్టూడియోకి వెళ్లాం. పౌడరు దట్టంగా కొట్టి, ఎదురుగా ఫ్లాష్ పెట్టి తీశారు. ముఖం తెల్లగా, మెడ చామనఛాయగా, చేతులు ఇంకో రంగులో వచ్చాయి. "ఇదెవరే?" అంది మా నాయనమ్మ. మర్నాడు పొద్దున్నే వరండాలో ఫోన్‌తో తీస్తే అదే పిల్ల ముచ్చటగా వచ్చింది. అప్పట్నుంచీ చుట్టాల్లో ఎవరికి ఫోటో కావాలన్నా నా మీదే పడుతున్నారు. నేను చేసేది ఇదీ.

1. గదిలో లైట్లన్నీ ఆపేయండి

నెత్తిమీది ట్యూబ్‌లైటే అసలు దొంగ. వెలుతురు పైనుంచి పడితే కనుబొమల నీడ కళ్లలోకి, ముక్కు నీడ పెదవి మీదికి దిగుతుంది. హాయిగా నిద్రపోయి లేచినవాళ్లు కూడా వారంరోజుల జ్వరం నుంచి లేచినట్టు ఉంటారు. పైగా ట్యూబ్‌లైటుది దాదాపు 6500 కెల్విన్ల (వెలుతురు రంగుని కొలిచే లెక్క) నీలి తెలుపు, పాతకాలం బల్బుది 2700 కెల్విన్ల పసుపు. కిటికీ వెలుతురు ఉన్నప్పుడు బల్బు కూడా వేస్తే ఒక చెంప పసుపు, ఒక చెంప నీలం. ఏ మేకప్పూ దాన్ని సరిచేయలేదు.

2. కిటికీ దగ్గర నిలబడండి

ఎండ నేరుగా పడని కిటికీ చూసుకోండి. ఎండ పడుతుంటే పల్చటి తెల్ల పంచె అడ్డం కట్టండి. కిటికీకి మూడు నాలుగు అడుగుల లోపే ఉండాలి. దూరం జరిగేకొద్దీ వెలుతురు తగ్గుతుంది, నీడల అంచులు కూడా గట్టిపడతాయి.

ఇప్పుడు చేతిలో అద్దం పట్టుకుని మెల్లగా తిరగండి. కిటికీకి ఎదురుగా ఉంటే ముఖం వెడల్పుగా, చదునుగా కనిపిస్తుంది. పూర్తిగా పక్కకు తిరిగితే సగం ముఖం చీకట్లోకి పోతుంది. ఈ రెంటికీ మధ్య ఒకచోట, నీడవైపు చెంప మీద, కంటికింద చిన్న త్రికోణంలా వెలుగు మిగులుతుంది. అక్కడ ఆగండి. డచ్చి చిత్రకారుడు రెంబ్రాంట్ గీసిన ముఖాల్లో ఇదే కనిపిస్తుందని ఈ లైటింగ్‌కి ఆయన పేరే పెట్టారు. గుండ్రటి ముఖాలు దీనితో కాస్త కోలగా కనిపిస్తాయి. నీడ మరీ నల్లగా ఉంటే ఆవైపు ఒక థర్మోకోల్ షీటు నిలబెట్టండి. సినిమా షూటింగుల్లోనూ అదే వాడతారు.

3. మేకప్ ఆ వెలుతురులోనే వేయండి

ఫౌండేషన్‌ని మణికట్టు మీద కాదు, దవడ మీద రాసి చూడండి. పది నిమిషాలు ఆగాక ఏ షేడ్ కనిపించకుండా కలిసిపోతుందో అదే మీది. "ఒక షేడ్ తెల్లగా తీసుకోండి" అనే షాపువాళ్ల మాట వినకండి. కళ్లకింది నలుపు మీద నేరుగా తెల్లటి కన్సీలర్ (మచ్చల్ని కప్పే క్రీము) రాస్తే బూడిద పూసినట్టవుతుంది. ముందు నారింజరంగు కరెక్టర్ కొద్దిగా అద్ది, దానిమీద మీ ఒంటి రంగుది వేయాలి.

చెమటని టిష్యూతో అద్దాకే పౌడరు, అదీ నుదురు, ముక్కు, గడ్డం మీద మాత్రమే. కాటుక కింది రెప్పకి దట్టంగా పెడితే కళ్లు చిన్నవవుతాయి, పైరెప్పకి పెట్టండి. వీధినాటకాలవాళ్లు అర్దళం (ముఖానికి పూసే పసుపు రంగు పొడి) మందంగా పూసుకునేవారంటే, కాగడాల వెలుతురులో, దూరాన కూర్చున్నవాడికీ ముఖం ఆనాలి కాబట్టి. మీ ఫోటో చూసేవాళ్లు ఫోన్‌ని జూమ్ చేసి మరీ చూస్తారు.

ఫ్లాష్ మాత్రం వద్దు. సన్‌స్క్రీన్‌లోని జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్, కొన్ని పౌడర్లలో ఉండే సిలికా ఫ్లాష్ వెలుగుని తిప్పికొడతాయి. మా చెల్లి ముఖం సున్నం కొట్టినట్టు వచ్చింది బహుశా అందుకే.

4. ఫోటో వేరేవాళ్లు తీయాలి

చెయ్యి చాపి సెల్ఫీ తీసుకుంటే కెమెరాకి దగ్గరగా ఉన్న ముక్కు పెద్దదవుతుంది, చెవులు వెనక్కి పోతాయి. అయిదడుగుల దూరంలో, కంటి ఎత్తున ఫోన్ పట్టుకుని, 2 రెట్లు జూమ్ చేసి తీయమనండి.

బ్యూటీ మోడ్ కూడా ఆపించండి. అది పుట్టుమచ్చని సైతం తుడిచేస్తుంది. పెళ్లిచూపులనాడు ఆ మచ్చ ఎక్కణ్నుంచి వచ్చిందా అని అవతలివాళ్లు మీరు పంపిన ఫోటో బయటికి తీసి మళ్లీ చూసుకుంటారు.