పిస్టల్‌కు రెడ్ డాట్ సైట్: ఎలా ఎంచుకోవాలి, ఎలా బిగించాలి, ఎలా అలవాటు చేసుకోవాలి

అమెరికాలో వారాంతాల్లో షూటింగ్ రేంజ్‌కు వెళ్ళే మనవాళ్ళు ఇప్పుడు బాగానే కనిపిస్తున్నారు, ముఖ్యంగా టెక్సస్ వైపు. గన్ కొన్న కొన్నాళ్ళకే అందరూ అడిగే ప్రశ్న ఒకటే: ‘ఏ రెడ్ డాట్ కొనమంటారు?’ రెడ్ డాట్ అంటే గురి చూడటానికి పిస్టల్ మీద బిగించే చిన్న అద్దం సైట్, అందులో ఒక ఎర్ర చుక్క (డాట్) కనిపిస్తుంది. ఆ ప్రశ్నకు నా జవాబు ఎప్పుడూ ఎదురు ప్రశ్నే. మీ పిస్టల్ ఏది, దాని స్లైడ్ (కాల్చినప్పుడు వెనక్కీ ముందుకీ కదిలే పైభాగం) మీద సైట్ కూర్చునే ఏ కట్ ఉంది, మీ కంటికి చుక్క ఎలా కనిపిస్తోంది? ఈ మూడూ తేలితే బ్రాండ్ సంగతి చాలా వరకు దానంతట అదే తేలుతుంది.

ఇంకోటి ముందే చెప్పేస్తా. చుక్క పెట్టగానే గురి కుదరదు. మీ చెయ్యి ఎంత కదులుతోందో, ట్రిగ్గర్ ఎలా లాగుతున్నారో అది చూపిస్తుంది, అంతే. సరిదిద్దుకోవాల్సింది మీరే. అందుకే ఖరీదైన సైట్ కొని బుల్లెట్లకు డబ్బుల్లేక ఇంట్లో కూర్చోవడం కంటే, మధ్యస్థం ధరలో గట్టిది కొని మిగిలింది ప్రాక్టీసుకు పెట్టడం మంచిదంటాను.

అసలు విషయం కంటే ముందు: మీ వీసా ఏది?

ఇది దాటేసి చదవకండి. హెచ్-1బి, హెచ్-4, ఎల్-1, ఎఫ్-1, బి-2 లాంటి నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ బుల్లెట్లు గానీ దగ్గర ఉంచుకోకూడదని అమెరికా ఫెడరల్ చట్టం చెబుతోంది. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్ ఉండటం లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. రేంజ్‌లో అద్దెకు తీసుకుని కాల్చడం కూడా ఈ నిబంధన కిందకే వస్తుంది. మీకు గ్రీన్ కార్డో సిటిజన్‌షిప్పో ఉండొచ్చు, కానీ విజిటింగ్ వీసా మీద వచ్చిన నాన్నగారికో మావయ్యగారికో ‘ఒక్కసారి కాల్చి చూడండి’ అని సరదాగా చేతికిచ్చేముందు ఆగండి. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్ళు కొనొచ్చు. కాకపోతే రాష్ట్రాన్ని బట్టి రూల్స్ మారతాయి, టెక్సస్‌లో ఉన్నట్టు కాలిఫోర్నియాలోనో న్యూజెర్సీలోనో ఉండదు.

1. స్లైడ్ మీద కట్ చూడండి

రెడ్ డాట్ పిస్టల్ మీద కూర్చునేది స్లైడ్ పైభాగాన చెక్కిన ఒక పల్లంలో. దాన్నే కట్ అంటారు, సైట్ అడుగు ఆకారాన్ని ఫుట్‌ప్రింట్ అంటారు. ఇవి అందరికీ ఒకటే కాదు. ట్రిజికాన్ ఆర్‌ఎంఆర్‌ది ఒక రకం, ల్యూపోల్డ్ డెల్టాపాయింట్ ప్రోది ఇంకో రకం, సన్నటి చిన్న పిస్టళ్ళకు వాడే షీల్డ్ ఆర్‌ఎంఎస్‌సి మరో రకం, ఎయిమ్‌పాయింట్ ఆక్రోది పూర్తిగా వేరు. గ్లాక్ పిస్టళ్ళలో ఎంఓఎస్ (సైట్ బిగించుకునేలా ముందే కట్ చేసి వచ్చే రకం) పెద్ద మోడళ్ళలో స్లైడ్‌కూ సైట్‌కూ మధ్య ఒక ప్లేట్ పెట్టి రకరకాల సైట్లు బిగించుకోవచ్చు. కట్టే లేని పాత పిస్టల్ అయితే గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసే మెకానిక్) దగ్గర స్లైడ్ మిల్లింగ్, అంటే మెషీన్‌తో కట్ చెక్కించడం, చేయించాలి, లేదా కట్ ఉన్న స్లైడ్ కొనాలి. రియర్ సైట్ (పిస్టల్‌తోపాటే వచ్చే వెనక గురి గుర్తు) తీసేసి ఆ గాడిలో ఎక్కించే అడాప్టర్లు కూడా అమ్ముతారు గానీ వాటితో సైట్ మరీ ఎత్తులో కూర్చుంటుంది, నేనైతే వద్దంటాను.

చిన్న పిస్టళ్ళ విషయంలో ఒక మెలిక ఉంది. ఫుట్‌ప్రింట్ ఒకటేనని రాసి ఉన్నా కొన్ని మోడళ్ళలో స్లైడ్ మీదుండే చిన్న పిన్నులకు సైట్ అడుగున రంధ్రాలు ఉండవు. హోలోసన్ 507కె విషయంలో చాలామంది దీని దగ్గరే ఇరుక్కుంటారు. ఆర్డర్ పెట్టేముందు మీ పిస్టల్ మోడల్ పేరు, సైట్ మోడల్ పేరు రెండూ కలిపి తయారీదారు ఇచ్చిన జాబితాలో చూసుకోండి.

2. సైట్ ఎంచుకోండి

ఓపెన్ ఎమిటర్, క్లోజ్డ్ ఎమిటర్ అని రెండు రకాలు. రెడ్ డాట్ లోపల ఒక చిన్న ఎల్ఈడీ ముందున్న అద్దం మీదకు వెలుగు వేస్తుంది, అద్దం మీది పూత ఆ ఎరుపును మాత్రం మీ కంటివైపు తిప్పి పంపుతుంది. ఓపెన్ రకంలో ఆ ఎల్ఈడీ బయటికే ఉంటుంది కాబట్టి వాన చుక్కో, చొక్కా నూగో దాని మీద పడితే డాట్ చెదిరిపోతుంది, ఒక్కోసారి మాయమవుతుంది. ఆక్రో, హోలోసన్ 509టి లాంటి క్లోజ్డ్ రకాల్లో వెనకా ముందూ అద్దాలు ఉండి మధ్యలో అంతా మూసేసి ఉంటుంది. కాస్త బరువు, ధర ఎక్కువ. రేంజ్‌లో టార్గెట్ కాల్చుకోవడానికి ఓపెన్ రకం హాయిగా సరిపోతుంది. బట్టల కింద హోల్‌స్టర్‌లో రోజంతా పెట్టుకు తిరిగేవాళ్ళకైతే క్లోజ్డ్ మేలు.

డాట్ సైజు ఎంఓఏ (మినిట్ ఆఫ్ యాంగిల్) అనే కోణం కొలతలో చెబుతారు. 1 ఎంఓఏ అంటే 100 గజాల దూరంలో దాదాపు 1 అంగుళం, అంటే 25 గజాల్లో పావు అంగుళం. 2 ఎంఓఏ డాట్ సన్నగా ఉంటుంది, దూరం టార్గెట్‌కు బాగుంటుంది కానీ కొత్తవాళ్ళకు వెతుక్కోవడం కష్టం. 6 ఎంఓఏ త్వరగా కంట పడుతుంది. మొదటిసారి కొనేవాళ్ళకు 3 నుంచి 6 మధ్య చెబుతాను. హోలోసన్ 507సిలో 2 ఎంఓఏ చుక్క చుట్టూ 32 ఎంఓఏ వలయం కూడా వేసుకోవచ్చు, కొందరికి అది బాగా నచ్చుతుంది, నాకు మాత్రం కంటికి గందరగోళం.

ఇక కళ్ళ సంగతి. రేంజ్‌లో ఎవరిదైనా అడిగి చూస్తే చుక్క గుండ్రంగా కాకుండా కామాలాగానో, తోకచుక్కలాగానో, రెండు చుక్కలుగానో కనిపిస్తే సైట్ పాడైందని తిట్టుకోకండి. చాలాసార్లు అది కంట్లో ఉండే ఆస్టిగ్మాటిజం, అంటే కంటి వంపులో తేడా వల్ల వచ్చే చూపు లోపం. ఫోన్ కెమెరాతో అద్దంలోంచి ఫొటో తీయండి, ఫొటోలో గుండ్రంగా వస్తే తేడా మీ కంట్లోనే ఉన్నట్టు. కళ్ళజోడుతో చూడండి, వెలుగు తగ్గించి చూడండి, ఆకుపచ్చ డాట్ ప్రయత్నించండి. వీటితో చాలామందికి తేడా తెలుస్తుంది.

బ్యాటరీ ఎక్కడుందో తప్పకుండా చూడండి. పాత ఆర్‌ఎంఆర్‌లలో అది అడుగున ఉంటుంది, మార్చాలంటే సైట్ మొత్తం విప్పాలి, మళ్ళీ బిగించాలి, మళ్ళీ గురి సరిచూసుకోవాలి. పక్కనుంచి గానీ పైనుంచి గానీ మార్చే రకమైతే ఈ తలనొప్పి లేదు. కదలగానే దానంతటదే వెలిగే సదుపాయం ఉంటే ఇంకా మంచిది.

ఆన్‌లైన్‌లో చౌకగా దొరికే, బొమ్మ తుపాకుల కోసం చేసిన డాట్లు మాత్రం వద్దు. పిస్టల్ స్లైడ్ ప్రతి షాట్‌కూ వేగంగా వెనక్కి వెళ్ళి కొట్టుకుని ముందుకు వస్తుంది, సైట్ కూడా దానితోపాటే. ఆ దెబ్బలకు అవి నిలవవు.

3. బిగించండి

ముందు మ్యాగజైన్ (బుల్లెట్లు పెట్టే డబ్బా) తీయండి, స్లైడ్ వెనక్కి లాగి చాంబర్‌లో (కాల్చేముందు బుల్లెట్ కూర్చునే చోటు) రౌండ్, అంటే బుల్లెట్, లేదని కళ్ళతో చూడండి, వేలుతో తడిమి చూడండి. బుల్లెట్లన్నీ వేరే గదిలో పెట్టేయండి. స్లైడ్‌ను ఫ్రేమ్ నుంచి విడదీసి పని చేయడం ఇంకా మేలు.

స్క్రూలు, స్క్రూ రంధ్రాలు నూనె లేకుండా ఆల్కహాల్‌తో తుడిచి ఆరనివ్వండి. డాట్లు ఊడిపోవడానికి అసలు కారణం చాలాసార్లు ఇక్కడే ఉంటుంది: జిడ్డు మీద త్రెడ్‌లాకర్ (స్క్రూ వదులవకుండా పట్టి ఉంచే జిగురు) పట్టదు. నీలం రంగు లాక్‌టైట్ బ్రాండ్ జిగురు ఒక చుక్క చాలు. ఎరుపుది వాడొద్దు, తర్వాత విప్పాలంటే వేడి చేయాల్సి వస్తుంది. టార్క్ డ్రైవర్‌తో (ఎంత బలంతో బిగించాలో సెట్ చేసుకునే స్క్రూడ్రైవర్) మాన్యువల్‌లో రాసినంతే బిగించండి. చాలా సైట్లకు అది 10 నుంచి 15 ఇంచ్-పౌండ్ల మధ్య ఉంటుంది. మామూలు అల్లెన్ కీతో ‘గట్టిగానే ఉందిలే’ అని వదిలేస్తే స్క్రూ వదులైనా అవుతుంది, లేదా ఈ బుజ్జి స్క్రూ తల తెగి లోపల ఇరుక్కుంటుంది.

స్క్రూ పొడవు కూడా చూసుకోండి. గ్లాక్‌లో కుడివైపు స్క్రూ మరీ పొడుగైతే లోపల ఎక్స్‌ట్రాక్టర్‌కు (కాల్చిన గుల్లను బయటికి లాగే కొక్కెం) సంబంధించిన భాగాన్ని నొక్కేస్తుంది, కాల్చిన తర్వాత మిగిలే ఖాళీ గుల్లలు సరిగా బయటికి రావు. బిగించాక స్లైడ్‌ను చేత్తో నాలుగుసార్లు లాగి ఎక్కడా పట్టేయడం లేదని చూడండి. చివరగా స్క్రూ తల నుంచి సైట్ మీదకు పెయింట్ పెన్‌తో సన్నటి గీత గీయండి. స్క్రూ కదిలిందా లేదా ఆ గీత చెబుతుంది. లాక్‌టైట్ పూర్తిగా గట్టిపడటానికి ఒక రోజు పడుతుంది, అప్పటిదాకా రేంజ్‌కు వెళ్ళకండి.

4. జీరో చేయండి

డాట్ చూపించే చోటే బుల్లెట్ తగిలేలా సర్దడాన్ని జీరో చేయడం అంటారు. మొదట 10 గజాల్లో, ఇసుక సంచి మీద చేతులు ఆనించి, తొందరపడకుండా 5 రౌండ్లు కాల్చండి. ఒక్క రంధ్రం చూసి తిప్పేయకండి, ఐదింటి గుంపు మధ్య ఎక్కడుందో చూడండి. దాదాపు సరయ్యాక 25 గజాలకు, అంత దూరం లేకపోతే 15 గజాలకు వెళ్ళి మళ్ళీ చేయండి.

సైట్ మీది సర్దుబాటు స్క్రూ తిప్పితే క్లిక్ క్లిక్‌మంటూ కదులుతుంది. చాలా సైట్లలో ఒక క్లిక్ 1 ఎంఓఏ. 25 గజాల్లో గుంపు 2 అంగుళాలు కిందకి, 1 అంగుళం ఎడమకి పడితే పైకి 8 క్లిక్‌లు, కుడికి 4 క్లిక్‌లు. 10 గజాల్లో ఒక క్లిక్ అంగుళంలో పదోవంతే కదుపుతుంది కాబట్టి అక్కడ ఎక్కువ క్లిక్‌లు తిప్పాల్సి వస్తుంది. ఎటు తిప్పాలో మాన్యువల్ చూడండి. మామూలుగా బాణం గుర్తు బుల్లెట్ ఎటు జరగాలో చెబుతుంది.

కుడిచేతివాళ్ళకు గుంపు ఎప్పుడూ ఎడమ కిందికే పడుతుంటే స్క్రూడ్రైవర్ పక్కన పెట్టండి. అది సైట్ తప్పు కాకపోవచ్చు, ట్రిగ్గర్ గుంజేసే అలవాటు. బాగా కాల్చే ఇంకొకరి చేత అదే గన్‌తో 5 రౌండ్లు కాల్పించండి, తేలిపోతుంది.

మూడు గజాల్లాంటి మరీ దగ్గర దూరంలో బుల్లెట్ డాట్‌కు దాదాపు ఒక అంగుళం కింద తగులుతుంది. బ్యారెల్‌కు (బుల్లెట్ వెళ్ళే గొట్టం) సైట్ అంత ఎత్తులో ఉంది మరి. దానికోసం మళ్ళీ సర్దకండి.

5. చుక్క దొరకడం లేదా?

ఇక్కడే అందరికీ టెన్షన్. మామూలు సైట్లతో అలవాటైనవాళ్ళు గన్ ఎత్తగానే అద్దంలో ఏమీ కనిపించక గన్‌ను అటూ ఇటూ ఊపుతూ వెతుకుతారు. వెతక్కండి. ఎక్కువసార్లు ఏమవుతుందంటే గొట్టం మూతి కాస్త పైకి లేచి ఉంటుంది, డాట్ అద్దం పైఅంచు దాటిపోతుంది. మూతిని కొద్దిగా దించండి. అప్పటికీ రాకపోతే ఫ్రంట్ సైట్‌ను (గొట్టం మూతి దగ్గరుండే ముందు గురి గుర్తు) కంటితో పట్టుకోండి, డాట్ దాని పైనే వచ్చి కూర్చుంటుంది. తర్వాత గన్ ఛాతీ దగ్గరకు తెచ్చుకుని మళ్ళీ మొదటినుంచి ఎత్తండి.

ఇంట్లో ఖాళీ గన్‌తో రోజూ కాసేపు చేయాల్సింది ఇదే. మళ్ళీ అవే జాగ్రత్తలు: చాంబర్ ఖాళీ, బుల్లెట్లు వేరే గదిలో, గన్ మూతి తూటా ఆగేంత గట్టి గోడవైపు. అమెరికాలో ఇళ్ళ లోపలి గోడలు చాలావరకు పలచటి పలకలే, బుల్లెట్‌ను ఆపలేవు, అటువైపు పిల్లల గది ఉండకూడదు. గోడ మీద ఒక చుక్క పెట్టి చూపు దానిమీదే నిలిపి, తల దించకుండా గన్‌నే కంటి ఎత్తుకు తీసుకురండి. అలా చేస్తూ పోతే ఒకరోజు మీరు వెతక్కుండానే డాట్ వచ్చి కూర్చుంటుంది.

రెండు కళ్ళూ తెరిచే ఉంచండి. చూపు టార్గెట్ మీద ఉండాలి, డాట్ మీద కాదు. మామూలు సైట్లలో ఫ్రంట్ సైట్ మీద చూపు నిలపమని నేర్పుతారు కదా, ఇది దానికి సరిగ్గా తలకిందులు, అందుకే పాతవాళ్ళు ఎక్కువ ఇబ్బంది పడతారు. సరి చేసుకోవడానికి ఒక కిటుకు: అద్దం ముందువైపు, అంటే టార్గెట్ వైపు, ఒక టేప్ ముక్క అతికించండి. టార్గెట్‌ను చూస్తుంటే ఒక కన్ను డాట్‌ను, ఇంకో కన్ను టార్గెట్‌ను అందుకుంటాయి, మెదడు రెంటినీ కలుపుతుంది. డాట్‌నే చూస్తుంటే మాత్రం టేప్ తప్ప ఇంకేమీ కనబడదు.

డాట్ వణుకుతుంది. వణకనివ్వండి. అది మధ్యలోకి రాగానే ‘ఇదే సమయం’ అని ట్రిగ్గర్ గుంజితే షాట్ పోతుంది. మీరు కొట్టాల్సిన వలయం లోపలే అది తిరుగుతున్నంతసేపు మెల్లగా నొక్కుతూనే పోండి.

వెలుగు కూడా టార్గెట్‌ను బట్టే పెట్టాలి. మరీ ఎక్కువైతే డాట్ ఉబ్బి టార్గెట్‌ను మింగేస్తుంది, ఎండలో తక్కువైతే అసలు కనబడదు. ఆటోమేటిక్‌ను గుడ్డిగా నమ్మకండి, మీరు చీకటి గదిలో ఉండి బయట ఎండలో ఉన్న టార్గెట్‌ను చూస్తుంటే అది మీ గది వెలుగును కొలిచి డాట్‌ను తగ్గించేస్తుంది.

6. తర్వాత చూసుకోవాల్సినవి

బ్యాటరీ ఎన్ని వేల గంటలు వస్తుందని పెట్టె మీద రాసినా, ఏడాదికోసారి మార్చేయండి. ఉగాదికో పుట్టినరోజుకో పెట్టుకుంటే మర్చిపోరు. అద్దం తుడవడానికి కళ్ళజోడు గుడ్డ వాడండి, చొక్కా అంచు కాదు. రేంజ్ నుంచి వచ్చినప్పుడల్లా పెయింట్ గీతను ఒకసారి చూడండి.

పోటీల ఆలోచన ఉంటే, అమెరికాలో పిస్టల్ పోటీలు నడిపే యూఎస్‌పీఎస్‌ఏ సంస్థ వాళ్ళకు క్యారీ ఆప్టిక్స్ అని డాట్ పిస్టళ్ళకు విడిగా విభాగమే ఉంది. ఒలింపిక్ తరహా పిస్టల్ పోటీల్లో మాత్రం డాట్ నిషిద్ధం. మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ పోటీపడే 10 మీటర్లు, 25 మీటర్ల పిస్టల్ ఈవెంట్లలో మామూలు ఓపెన్ సైట్లే వాడాలి. పిల్లల్ని ఆ దారిలో పంపాలనుకుంటే వాళ్ళకు డాట్ అలవాటు చేయకండి.

రేంజ్‌కు వాడే బ్యాగ్ రేంజ్‌కే ఉండాలి. అదే బ్యాగ్‌లో బట్టలు సర్దుకుని ఇండియాకు బయల్దేరితే, మూలన ఇరుక్కున్న ఒక్క బుల్లెట్ శంషాబాద్ స్కానర్‌లో కనబడినా ఆర్మ్స్ యాక్ట్ 1959 కింద కేసు దాకా పోవచ్చు.