రోహిణికి ఉత్తరాన ఉన్న చీకటి మేఘంలో హైడ్రోకార్బన్ రేఖలు పట్టడం ఎలా

ఏ అణువు కోసం వెతకాలో ముందు తేల్చుకోండి. తిరుగుతున్న అణువు రేడియో తరంగాలు వెదజల్లాలంటే దానికి డైపోల్ మొమెంట్ (ధన, రుణ ఆవేశాలు రెండు వైపులకు ఎంత విడిపోయాయో చెప్పే కొలత, ప్రమాణం డిబై) ఉండాలి. పూర్తి సౌష్ఠవం ఉన్న బెంజీన్‌కు అది సున్నా. ఎంత పెద్ద డిష్ తిప్పినా దాని భ్రమణ రేఖ (తిరిగే అణువు ఒక నిర్దిష్ట పౌనఃపున్యంలో పంపే సంకేతం) దొరకదు. అందుకే ఒక హైడ్రోజన్ స్థానంలో సయనైడ్ చేరిన బెంజోనైట్రైల్‌ను వెతికారు. దాని డైపోల్ సుమారు 4.5 డిబై. 2018లో అమెరికాలోని గ్రీన్ బ్యాంక్ రేడియో టెలిస్కోప్ దాన్ని పట్టింది. రేఖ బలం డైపోల్ వర్గాన్ని (స్క్వేర్) బట్టి ఉంటుంది కాబట్టి, డైపోల్ తక్కువగా ఉన్న ఇండీన్ అనే శుద్ధ హైడ్రోకార్బన్ 2021 దాకా దొరకలేదు. కొత్తగా మొదలుపెట్టేవారికి సైక్లోప్రొపెనిలిడీన్ మేలు. అది మూడు కార్బన్ల వలయం, డైపోల్ సుమారు 3.4 డిబై, 18.343 గిగాహెర్ట్జ్ దగ్గర బలమైన రేఖ ఉంది.

చూడాల్సిన చోటు టీఎంసీ-1 (టారస్ మాలిక్యులర్ క్లౌడ్-1) అనే చీకటి మేఘం, వృషభ రాశిలో రోహిణికి దాదాపు 9 డిగ్రీలు ఉత్తరాన. ఆకాశంలో దాని చిరునామా: విషువాంశం 4 గంటల 41 నిమిషాల 42 సెకన్లు, క్రాంతి +25 డిగ్రీల 41 నిమిషాల 27 సెకన్లు. ఇక్కడ ఉష్ణోగ్రత 10 కెల్విన్ మాత్రమే. ఆ చలిలో అణువులు కొద్ది శక్తి స్థాయిల్లోనే ఉంటాయి, రేఖలు సన్నగా, విడివిడిగా కనిపిస్తాయి. ఓరియన్ లాంటి వేడి చోట అవి వేల స్థాయిలకు చెదిరి, ఒకదాని మీద ఒకటి పడతాయి. పుణె దగ్గరి జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోప్ సుమారు 1.45 గిగాహెర్ట్జ్ వరకే వింటుంది కాబట్టి ఈ పనికి కుదరదు. స్పెయిన్‌లోని యెబెస్ 40 మీటర్ల డిష్ 31 నుంచి 50 గిగాహెర్ట్జ్ వరకు ఒకేసారి చూడగలదు; పైన చెప్పిన 18.343 రేఖ మాత్రం ఆ పరిధిలోకి రాదు.

రేఖల పౌనఃపున్యాలు సీడీఎంఎస్ లేదా జేపీఎల్ కేటలాగ్ (అణువుల రేఖల జాబితాలు) నుంచి తీసుకోండి. పక్కనున్న అనిశ్చితి గడిని తప్పక చూడండి. 40 గిగాహెర్ట్జ్ దగ్గర 0.6 కి.మీ./సె. వెడల్పున్న రేఖ 80 కిలోహెర్ట్జ్ మాత్రమే ఆక్రమిస్తుంది. అనిశ్చితి 200 కిలోహెర్ట్జ్ ఉన్న రేఖతో ఏదీ తేల్చలేరు.

ఎంతసేపు చూడాలి? సిస్టమ్ ఉష్ణోగ్రత (రిసీవర్, వాతావరణం కలిసి పుట్టించే నాయిస్‌ను ఉష్ణోగ్రతగా చెప్పే కొలత) 40 కెల్విన్, ఛానెల్ వెడల్పు 38 కిలోహెర్ట్జ్ అనుకోండి. గంట చూస్తే నాయిస్ 3.4 మిల్లీకెల్విన్. దాన్ని 0.3కి దించాలంటే దాదాపు 130 గంటలు. ఇది ఫ్రీక్వెన్సీ స్విచింగ్‌లో (మేఘం మీదే ఉండి, రిసీవర్ పౌనఃపున్యాన్ని కొద్దిగా జరిపి రెండింటి తేడా తీయడం) రెండు ధ్రువణాల సంకేతాలనూ కలిపితే వచ్చే లెక్క. మేఘం మీద సగం సమయం, ఖాళీ ఆకాశం మీద సగం గడిపే పొజిషన్ స్విచింగ్‌లో అదే నాయిస్‌కు రెండు రెట్ల సమయం పడుతుంది.

అయితే ఫ్రీక్వెన్సీ స్విచింగ్‌కు ఒక చిక్కుంది. ప్రతి బలమైన రేఖకూ అటూ ఇటూ సగం లోతున్న రుణ నకళ్లు ఏర్పడతాయి. బలహీనమైన రేఖ ఆ గుంటలో పడితే మాయమైపోతుంది. కొన్ని రోజులు 8 మెగాహెర్ట్జ్, కొన్ని రోజులు 10 మెగాహెర్ట్జ్ జరిపి చూడండి. నకళ్లు జరుగుతాయి, అసలు రేఖ జరగదు.

మొదటిరోజే హెచ్‌సీ3ఎన్ (సయనోఅసిటిలీన్) రేఖను 36.392 గిగాహెర్ట్జ్ దగ్గర చూసి, సూర్యుడి పొరుగు నక్షత్రాల సగటు కదలికతో పోలిస్తే మేఘం వేగం 5.8 కి.మీ./సె. వస్తోందో లేదో సరిచూసుకోండి. రాకపోతే డాప్లర్ సవరణలో (మన కదలిక వల్ల పౌనఃపున్యం మారడాన్ని సరిదిద్దడంలో) పొరపాటుంది. భూమి సూర్యుడి చుట్టూ తిరగడం వల్లే 40 గిగాహెర్ట్జ్ రేఖ ఏడాదిలో 4 మెగాహెర్ట్జ్ దాకా అటూ ఇటూ జరుగుతుంది. సవరించకుండా నెలల డేటా కలిపితే రేఖ అలుక్కుపోతుంది. ఇదే కదలికతో దొంగ సంకేతాలనూ పట్టుకోవచ్చు. నెలలు గడిచినా రిసీవర్ పౌనఃపున్యంలో కదలనిది మన పరికరాల్లోనో, భూమి మీద మరోచోటో పుట్టినదే. మేఘంతో పాటు కదిలేదే అసలైనది.

ఒక్క రేఖ కనిపించిందని అణువు దొరికినట్టు కాదు. 5 నుంచి 10 కెల్విన్ మధ్య ఒక ఉద్రేక ఉష్ణోగ్రత (ఏ శక్తి స్థాయిలో ఎన్ని అణువులున్నాయో చెప్పే కొలత) తీసుకుని అన్ని రేఖల బలాలూ లెక్కగట్టండి. నాయిస్‌కు మూడు రెట్లకు పైగా రావాల్సిన రేఖ ఒక్కటి రాకున్నా, అది రుణ నకలులోనో మరో అణువు రేఖ కిందో దాగలేదని తేలితే, ఆ అణువును జాబితా నుంచి తీసేయండి. ఈ పరీక్ష చాలామంది సగంలో ఆపేస్తారు, పొరపాట్లు ఎక్కువగా జరిగేది ఇక్కడే.

సయనోనాఫ్తలీన్ లాంటి పెద్ద అణువుల రేఖలు విడిగా నాయిస్‌లోనే మునిగిపోయి ఉంటాయి. వందల రేఖలను వేగం అక్షం మీద ఒకదానిపై ఒకటి పేర్చి, ఊహించిన బలాన్నీ నాయిస్‌నూ బట్టి బరువులిచ్చి సగటు తీయాలి. అంతకు ముందు తెలిసిన అణువుల రేఖలున్న ఛానెళ్లను తొలగించండి. ఒక్క పరాయి రేఖ మిగిలిపోయినా సగటులో లేని శిఖరం లేస్తుంది. చివరగా కేటలాగ్ పౌనఃపున్యాలను కావాలనే కొంత తప్పించి మళ్లీ పేర్చండి. అప్పుడూ 5.8 దగ్గర శిఖరం నిలిచే ఉంటే, తొలగించాల్సిన ఛానెళ్లు ఇంకా ఉన్నట్టే.