నల్లగొండ నుంచి డెవలపర్ రిలేషన్స్ ఉద్యోగానికి: చిక్కుకున్న చోటు నుంచే మొదలుపెట్టండి

ఒక సంస్థ తయారు చేసిన ఏపీఐనో (ఒక ప్రోగ్రాము మరో ప్రోగ్రామును సమాచారమో, సేవో అడిగి తెచ్చుకునే మార్గం), డేటాబేస్‌నో వాడుకొని బయటి డెవలపర్లు తమ ప్రోగ్రాములు రాసుకుంటారు. ఆ రాసేవారికీ దాన్ని తయారు చేసినవారికీ నడుమ ఉండి, వాడకం నేర్పుతూ, వాడేటప్పుడు ఎదురైన ఇబ్బందులను సంస్థకు చేరవేస్తూ, అవి సరిదిద్దేదాకా వెంటబడే పనిని డెవలపర్ రిలేషన్స్ అంటారు. రంగంలో ఉన్నవారు పొట్టిగా డెవ్‌రెల్ అంటారు. ఉద్యోగ ప్రకటనల్లో ఈ ఒక్క పేరుతోనే వెతికితే చాలా అవకాశాలు కంటపడవు. డెవలపర్ అడ్వొకేట్, డెవలపర్ ఎవాంజెలిస్ట్, కమ్యూనిటీ మేనేజర్, డెవలపర్ ఎక్స్‌పీరియన్స్ ఇంజనీర్, టెక్నికల్ రైటర్ అన్న పేర్లతోనూ వెతకాలి. వీటిలో ఎవాంజెలిస్ట్ అన్న మాట పాతది. 1980లలో ఆపిల్ సంస్థ మెకింటోష్ కోసం సాఫ్ట్‌వేర్ రాయమని బయటి కంపెనీలను ఒప్పించేందుకు గై కవాసాకి వంటివారిని నియమించినప్పటి నుంచి అది ఈ అర్థంలో చెలామణిలో ఉంది.

వేదిక ఎక్కి మాట్లాడేవారే అందరికీ కనిపిస్తారు కనుక, ఇది మాటకారుల ఉద్యోగమనీ, ఇంగ్లీషు గడగడా వచ్చినవారికే దక్కుతుందనీ మన కళాశాలల్లో ఒక అభిప్రాయం పాతుకుపోయింది. అది సరైనది కాదు. కొత్తగా వచ్చినవాడు ఎక్కడ ఆగిపోతాడో ముందే పసిగట్టగలగడం ఈ ఉద్యోగానికి అసలు అర్హత. ఆ విషయంలో నల్లగొండ, పాలమూరు విద్యార్థికి ఒక అనుకూలత ఉంది: 4 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్, ఫోన్ హాట్‌స్పాట్, అడిగితే చెప్పే సీనియర్ పక్కన లేని పరిస్థితి అతనికి రోజూ అనుభవమే. బెంగళూరులో మంచి యంత్రం ముందు కూర్చొని డాక్యుమెంటేషన్ (వాడకం వివరించే పేజీలు) రాసేవారికి ఆ పరిస్థితి గుర్తుకు రావడం కష్టం.

చిక్కుల చిట్టా

అందువల్ల మొదటి మెట్టుగా నేను ఎవరికైనా చెప్పేది ఒక్కటే: ఏదైనా ఒక సాఫ్ట్‌వేర్ పరికరాన్ని మొదటిసారి వాడుతున్నప్పుడు, ఎక్కడెక్కడ ఆగిపోయారో, ఎంతసేపు ఆగిపోయారో, ఎలా బయటపడ్డారో గడియారం చూసుకుంటూ రాయండి. దీన్ని ఈ రంగంలో ఫ్రిక్షన్ లాగ్ అంటారు. చిక్కుల చిట్టా అనుకోవచ్చు. మొదటిసారి అన్న మాట ముఖ్యం. రెండోసారికి చేయి అలవాటు పడి, ఇబ్బంది ఇబ్బందిగా కనిపించడం మానేస్తుంది.

మన ఊరి పనితోనే ఒక ఉదాహరణ చూద్దాం. నల్లగొండ బత్తాయి రైతుకు రోజువారీ ధర చూపే చిన్న ప్రోగ్రాము రాయాలనుకున్నారు అనుకోండి. భారత ప్రభుత్వం 2012 నుంచి నడుపుతున్న ఓపెన్ డేటా వేదికలో దేశంలోని మార్కెట్ యార్డుల దినసరి ధరలు ఏపీఐ ద్వారా దొరుకుతాయి. మొదలుపెట్టిన కాసేపటికే జవాబు వస్తుంది, కానీ పది వరుసలకు మించి రాదు. కోడ్‌లో తప్పు ఉందేమోనని అరగంట వెతికాక తెలుస్తుంది: వేదిక నమూనాగా ఇచ్చిన కీ (ఏపీఐ వాడేందుకు ఇచ్చే గుర్తింపు సంకేతం) పది వరుసల వరకే ఇస్తుంది, సొంత కీ తీసుకోవాలి, ఆపై లిమిట్ (ఎన్ని వరుసలు కావాలి), ఆఫ్‌సెట్ (ఎన్నో వరుస నుంచి కావాలి) అన్న రెండు విలువలను మార్చుకుంటూ మిగతా వరుసలు తెచ్చుకోవాలి. తర్వాత బత్తాయి అని వెతికితే ఏమీ దొరకదు, ఎందుకంటే ఆ పట్టికలో ఈ పండు మొసంబి, స్వీట్ లైమ్ అన్న పేర్లతో ఉంది. అదీ దాటాక ధర కనిపిస్తుంది, కానీ అది క్వింటాలు ధర. మన రైతు బత్తాయిని టన్నుల్లో లెక్కగడతాడు, కాబట్టి పదితో హెచ్చవేయకుండా చూపిస్తే అతను ఆ ప్రోగ్రామును మళ్లీ తెరవడు. ఇక ఏదైనా మార్కెట్ నుంచి ఆ రోజు వివరాలు అందకపోతే వరుసే ఉండదు, దాన్ని సున్నా ధరగా చూపడం తప్పు.

ఈ నాలుగు చిక్కులూ నాలుగు రకాలు. మొదటిది పరిమితిని కంటపడేలా చెప్పకపోవడం, రెండోది పేర్ల తేడా, మూడోది కొలతల తేడా, నాలుగోది లేని సమాచారాన్ని ఎలా చూపాలన్న ప్రశ్న. చిట్టాలో ప్రతి చిక్కు పక్కన ‘ఇక్కడ ఏ వాక్యం ఉండి ఉంటే నేను ఆగేవాణ్ని కాదు’ అని ఒక వాక్యం రాయండి. ఆ వాక్యం రాయగలిగినవారు సగం ఉద్యోగం చేస్తున్నట్టే. ఫిర్యాదు చేసేవారికి కొదవ లేదు కానీ, పెట్టాల్సిన వాక్యాన్ని రాసి చేతికిచ్చేవారు తక్కువ.

చిట్టా నుంచి వ్యాసానికి

చిట్టాను ఉన్నదున్నట్టు ప్రచురించకండి. దాన్నుంచి ఒక చిక్కును తీసుకొని, ఒకే పాఠకుణ్ని ఎదురుగా కూర్చోబెట్టుకున్నట్టు రాయండి. డాక్యుమెంటేషన్‌ను నాలుగు రకాలుగా విడదీసే డయాటాక్సిస్ పద్ధతి ఇక్కడ బాగా పనికొస్తుంది: చేయి పట్టి నేర్పే పాఠం, ఒక పని ఎలా చేయాలో చెప్పే మార్గదర్శి, వెతికి చూసుకునే సమాచార పట్టిక, ఎందుకు అలా ఉందో చెప్పే వివరణ. కొత్తగా రాసేవారు ఈ నాలుగింటినీ ఒకే వ్యాసంలో కలిపేస్తారు. పాఠం మధ్యలో చరిత్ర చెప్పడం మొదలుపెడితే, చేతిలో కోడ్ పట్టుకొని ఎదురుచూస్తున్నవాడు వెళ్లిపోతాడు.

విషయం కోసం దూరం వెళ్లనక్కర్లేదు. ‘నల్లగొండ’ అని రాసి దాని పొడవు ఎంతని పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషను అడగండి, ఎనిమిది అంటుంది. మనం పలికితే న, ల్ల, గొం, డ అని నాలుగే వినిపిస్తాయి. ఒత్తు కోసం వాడే పొల్లు, గుణింతపు గుర్తు, సున్నా వేర్వేరు సంకేతాలుగా నిలవడం వల్ల లెక్క పెరిగింది, అక్షరాలను కంప్యూటర్‌లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో అదే పదం 24 బైట్లు పడుతుంది. మొదటి మూడు సంకేతాలు కత్తిరిస్తే ‘నల్’ అని మిగులుతుంది. ఇది విద్యార్థుల సరదా ప్రశ్న మాత్రమే కాదు. ఎస్సెమ్మెస్ పంపే ఏపీఐతో ఇంగ్లీషు సందేశం 160 అక్షరాల దాకా ఒక్కటిగా వెళ్తుంది, తెలుగు సందేశానికి ఆ హద్దు 70 సంకేతాలే, కాబట్టి అదే విషయం తెలుగులో పంపిన డెవలపర్‌కు బిల్లు రెట్టింపయ్యే వీలుంది. 2018 ఫిబ్రవరిలో ఒక్క తెలుగు అక్షరం కనబడితే ఐఫోన్లలో యాప్‌లు మూతపడిన సంగతి, దాన్ని సరిచేసేందుకు ఆపిల్ ఐఓఎస్ 11.2.6ను విడుదల చేసిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. తెలుగు లిపి తెలిసిన డెవలపర్ చెప్పగల విషయాలు ఇటువంటివి ఇంకా ఎన్నో మిగిలి ఉన్నాయి.

వ్యాసాలు ఇంగ్లీషులోనూ తెలుగులోనూ రాయండి. తెలుగు మీడియంలో చదివినవారు ఇంగ్లీషుకు జంకనవసరం లేదు. డాక్యుమెంటేషన్‌కు కావలసింది పొట్టి వాక్యాల, తిన్నని ఇంగ్లీషే.

ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు (ఎవరైనా కోడ్ చూసి, మార్చగలిగే ప్రాజెక్టులు) తోడ్పడటం కూడా ఈ దశలోనే మొదలుపెట్టవచ్చు, కానీ లెక్క కోసం చేయకండి. ఇటువంటి ప్రాజెక్టులకు తోడ్పడేలా ప్రోత్సహించేందుకు డిజిటల్‌ఓషన్ సంస్థ 2014 నుంచి ఏటా అక్టోబరులో నడుపుతున్న హాక్టోబర్‌ఫెస్ట్‌లో, 2020లో బహుమతిగా ఇచ్చే టీషర్టు కోసం వేలంవెర్రిగా పనికిరాని పుల్ రిక్వెస్టులు (కోడ్‌లో మార్పు చేర్చుకోమనే వినతులు) వచ్చిపడటంతో ప్రాజెక్టుల నిర్వాహకులు విసిగిపోయారు. పాల్గొనేందుకు ఒప్పుకున్న ప్రాజెక్టులనే లెక్కలోకి తీసుకునేలా ఆ నెలలోనే నిబంధన మార్చాల్సి వచ్చింది. నియామకం చేసేవారు, కోడ్ పంచుకునే గిట్‌హబ్‌లో మీ ఖాతా తెరిచినప్పుడు, రీడ్‌మీలో (ప్రాజెక్టు పరిచయ ఫైలు) ఒక మాట మార్చిన యాభై పుల్ రిక్వెస్టుల కన్నా, ఒక ఇష్యూ (ఎవరో నమోదు చేసిన సమస్య) కింద ముక్కూమొహం తెలియనివారికి మీరు ఓపికగా ఇచ్చిన జవాబునే ఎక్కువసేపు చదువుతారు.

నలుగురి ముందు నిలబడటం

నా మొదటి వర్క్‌షాపు నల్లగొండ దగ్గర ఒక ఇంజనీరింగ్ కళాశాలలో జరిగింది. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది. అరవై మంది విద్యార్థులు, మూడు గంటల సమయం. ఫోన్ యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియో అందరూ అక్కడికక్కడే దించుకుంటారనుకున్నాను. అది ఒక జీబీకి అటూఇటూగా ఉండే ఫైలు, పైగా కనీసం 8 జీబీ ర్యామ్ కోరుతుంది. ల్యాబ్‌లో ఉన్నవి 4 జీబీ యంత్రాలు. అరవై మంది ఒకేసారి దించడం మొదలుపెట్టగానే వైఫై చతికిలబడింది. గంటన్నర గడిచాక వెనక బెంచీ నుంచి ఒక అమ్మాయి లేచి, ‘సార్, మీరు చేసి చూపించండి, మేం రాసుకుంటం’ అంది. అలాగే చేశాను, అంటే వర్క్‌షాపు కాస్తా మామూలు క్లాసయింది.

ఆ తర్వాత నుంచి నేను పాటిస్తున్న పద్ధతి ఇది. వారం ముందే వెళ్లి, వాళ్ల ల్యాబ్‌లోని అన్నిటికన్నా పాత యంత్రం మీద కూర్చొని మొత్తం పాఠాన్ని ఒకసారి చేసి చూస్తాను. దించుకోవాల్సినవి ఐదారు పెన్‌డ్రైవ్‌లలో తీసుకెళ్తాను, వీలైతే బ్రౌజర్‌లోనే నడిచే పరికరాన్ని ఎంచుకుంటాను. మొదలుపెట్టిన పది పదిహేను నిమిషాల్లోగా ప్రతి విద్యార్థి తెరమీద ఏదో ఒక ఫలితం కనిపించేలా పాఠాన్ని అమర్చుతాను. కొత్తవారికి మొదటి ఫలితం రావడానికి ఎంత సమయం పట్టిందన్నది సంస్థలు కూడా కొలిచే లెక్కే. పాఠం అయ్యాక ఎంతమంది వచ్చారన్నది కాదు, ఎంతమంది పూర్తిచేశారు, ఆగినవారు ఏ మెట్టు దగ్గర ఆగారు అన్నది రాసుకుంటాను. ఇదీ ఒక చిక్కుల చిట్టానే.

మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం, పాలమూరు విశ్వవిద్యాలయం పరిధిలోని డిగ్రీ కళాశాలల్లో ఇటువంటి వర్క్‌షాపుకు అనుమతి అడగడం కష్టమేమీ కాదు. ఒక పేజీ వినతిపత్రం, విభాగాధిపతి గారిని రెండుసార్లు కలిసే ఓపిక ఉంటే చాలు. ఇక హైదరాబాద్ నల్లగొండకైనా మహబూబ్‌నగర్‌కైనా నూరు కిలోమీటర్ల దూరమే. పైథాన్ వాడేవారి హైడ్‌పై బృందం సమావేశాలకు, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను ప్రచారం చేసే, గచ్చిబౌలిలోని స్వేచ్ఛ సంస్థ కార్యక్రమాలకు పొద్దున బస్సెక్కి వెళ్లి రాత్రికి ఇల్లు చేరవచ్చు. మొదటి రెండు మూడుసార్లు వినడానికే వెళ్లండి, కుర్చీలు సర్దడానికి చేయి వేయండి. నిర్వాహకులతో పరిచయం అక్కడే కలుస్తుంది.

పెద్ద సదస్సులకు ప్రసంగ ప్రతిపాదన పంపేటప్పుడు శీర్షిక మీద శ్రద్ధ పెట్టండి. 2009లో మొదలైన, పైథాన్ వాడేవారి జాతీయ సదస్సు పైకాన్ ఇండియా 2018లోనూ 2023లోనూ హైదరాబాద్‌లోనే జరిగింది. అటువంటి చోట ‘పైథాన్ పరిచయం’ అన్న ప్రతిపాదన కుప్పలో కలిసిపోతుంది. ‘నల్లగొండలో ఎన్ని అక్షరాలు? తెలుగు రాతతో ప్రోగ్రాములు పొరబడే నాలుగు చోట్లు’ అని రాస్తే, ఎంపిక చేసేవారు రెండో వాక్యం కూడా చదువుతారు. ఆ రెండో వాక్యంలో విన్నవారు ఇంటికి వెళ్లి ఏం చేయగలుగుతారో చెప్పండి, ఆపై ఏ అంశానికి ఎన్ని నిమిషాలో రాయండి.

ఉద్యోగం

చదువు పూర్తికాగానే నేరుగా డెవ్‌రెల్‌లో చేరడం అరుదు. రెండు మూడేళ్లు ప్రోగ్రామరుగానో, సపోర్ట్ ఇంజనీరుగానో, టెక్నికల్ రైటరుగానో చేసి రావడం నా దృష్టిలో మేలైన దారి. అందులోనూ సపోర్ట్ పనిని చిన్నచూపు చూడకండి, వాడేవారి గోడు రోజంతా వినే ఉద్యోగం అదొక్కటే. నల్లగొండలోనూ, మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలోనూ 2023లో తెరిచిన ఐటీ టవర్లలో అటువంటి పని దొరికినా వదులుకోవద్దు. కోడ్ రాయడం మాత్రం ఎప్పుడూ మానకండి. సంస్థలు ఖర్చు తగ్గించుకునే రోజుల్లో డెవ్‌రెల్ బృందాల మీదే ముందుగా వేటు పడటం ఈ మధ్య కళ్లారా చూశాం, అప్పుడు తిరిగి ఇంజనీరింగ్‌లోకి వెళ్లగలగాలి.

ఇంటర్వ్యూకు పిలుపు వస్తే, ఆ సంస్థ ఉత్పత్తిని ముందురోజు కాదు, వారం ముందే వాడి చిట్టా సిద్ధం చేసుకోండి. అందులో మూడు చిక్కులకు మించి చెప్పకండి, ప్రతిదానికీ మీరు సూచించే వాక్యాన్నో, మార్పునో జతచేయండి. ఎదుట కూర్చున్నవారిలో ఆ పేజీ రాసినవారే ఉండవచ్చు కనుక, ‘ఇది తప్పు’ అనడం కన్నా ‘నేను ఇక్కడ ఇరవై నిమిషాలు ఆగిపోయాను’ అనడం మంచిది. చాలాచోట్ల ఒక చిన్న పాఠం చెప్పమంటారు; కోపంగా ఉన్న డెవలపర్‌కు జవాబు రాయమని అడగడమూ ఉంది. ఆ జవాబులో మొదటి వాక్యం క్షమాపణ కాకుండా, ఆ వ్యక్తి చెప్పిన సమస్యను సరిగ్గా అర్థం చేసుకున్నారని తెలిపేదిగా ఉండాలి.

ఆఫర్ చేతికి వచ్చాక, సంతకం పెట్టకముందే మూడు ప్రశ్నలు అడగండి: నేను మార్కెటింగ్ కింద ఉంటానా, ఉత్పత్తి విభాగం కింద ఉంటానా, ఇంజనీరింగ్ కింద ఉంటానా? ఆర్నెల్లకు నా పనిని ఏ లెక్కతో చూస్తారు? నెలలో ఎన్ని రోజులు ప్రయాణం? మార్కెటింగ్ కింద పెట్టి, ఎంతమంది ఖాతా తెరిచారన్న లెక్క ఒక్కటే చూసేచోట, మీరు మోసుకొచ్చిన చిక్కులను వినే నాథుడు ఉండకపోవచ్చు. జవాబులు ఫోన్‌లో చెప్పినా సరే, మెయిల్‌లో కూడా రాసి పంపమని మర్యాదగా కోరండి.